విండోస్ 10 ఆగిపోయింది: షాపులో పాత సిస్టమ్‌లు మార్చాలా, లినక్స్ వేయాలా?

తెనాలి_అక్షరం

అందరికీ నమస్కారం. తెనాలిలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. సిస్టమ్‌లు మూడు. అన్నీ ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లే. ఎనిమిదేసి జీబీ ర్యామ్ ఉంది, ఎస్‌ఎస్‌డీలు వేయించాక బాగానే పరిగెడుతున్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారు. 11 వేద్దామంటే ప్రాసెసర్ సరిపోదని ఒప్పుకోవడం లేదు.

ఒకదాంట్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు అన్నీ అందులోనే. రెండోది కౌంటర్ దగ్గర ఉంటుంది: జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌లు, మెయిల్, వాట్సాప్ నుంచి ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. మూడోదాంట్లో బిల్లింగ్, జీఎస్టీ.

సిస్టమ్‌లు అమ్మే ఆయన మూడూ మార్చెయ్యమంటున్నాడు. మా మేనల్లుడు "విండోస్ తీసేసి లినక్స్ వేసుకో మామయ్యా, రూపాయి ఖర్చు లేదు" అంటున్నాడు. పక్క షాపాయన ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాడు, ఏమీ కాలేదంటాడు. ఎవరి మాట వినాలో చెప్పండి.

సర్వర్_రూమ్

పక్క షాపాయన మాట మాత్రం వినకండి. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ లోపాలను సరిదిద్దుతూ అప్‌డేట్లు ఇస్తుంది. 10కీ 11కీ లోపలి కోడ్ చాలావరకు ఒకటే. ఈ నెల 11లో ఏ కన్నం పూడ్చారో చూస్తే, అదే కన్నం 10లో తెరిచే ఉందని దొంగకి తెలిసిపోతుంది. అప్‌డేట్ రాని ప్రతి నెలా ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది.

2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్ళన్నీ తాళం పడి, బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమని తెర మీద ఎర్ర పెట్టె. మీ షాపులో ఉన్నది మీ ఒక్కరి డేటా కాదు. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి డెస్క్‌టాప్ మీదే వదిలేస్తారు అందరూ. అది పోతే నష్టపోయేది మిమ్మల్ని నమ్మి కార్డు చేతికిచ్చినవాళ్ళు.

ఓరుగల్లు_నెట్

అన్నా, వన్నాక్రై కథ సగమే చెప్పినవ్. దాన్ని ఆపే అప్‌డేట్ 2017 మార్చిలనే వచ్చింది. దెబ్బతిన్నయాట్ల ఎక్కువ విండోస్ 7వి. అప్పటికి 7కు అప్‌డేట్లు వస్తనే ఉన్నయి, జనం వేసుకోలే. అంటే తప్పు పాత సిస్టమ్‌ది కాదు, పట్టించుకోని మనిషిది. ఇయ్యాల మూడు కొత్తయి కొని మళ్ల అప్‌డేట్ ఆపేసి కూసుంటే ఏం లాభం?

నాది వరంగల్‌ల నెట్ సెంటర్. సీజన్ల నాలుగు పైసలు వస్తయి, మిగతా రోజులు కరెంటు బిల్లుకే సరిపోతయి. మూడు సిస్టమ్‌లంటే మాలాంటోళ్లకు మాటలా? ఇల్లు కారుతున్నదని ఊరు ఇడిచిపోతమా? 10కి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తమని మైక్రోసాఫ్టే అన్నది. 30 డాలర్లు కట్టాలె, లేకుంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయ్యి సెట్టింగ్స్ వన్‌డ్రైవ్‌ల బ్యాకప్ పెడితే ఫ్రీ. 2026 అక్టోబర్ 13 దాక నడుస్తది. ముందుగాల అది తీసుకో అన్నా, తర్వాత నిమ్మలంగ ఆలోచన చేద్దువు.

సర్వర్_రూమ్

అది ఇంటి వాడకానికి పెట్టిన పథకం తమ్ముడూ. సంస్థలకైతే మొదటి ఏడాది సిస్టమ్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ళతో సరి. ఏదైనా వాయిదానే. వన్నాక్రై విషయంలో నువ్వు చెప్పింది నిజమే. కానీ అప్పుడు వేసుకోవడానికి అప్‌డేట్ ఉంది, వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుందామన్నా ఉండదు.

స్వేచ్ఛా_మార్గం

ఇద్దరూ మైక్రోసాఫ్ట్ గీసిన గిరిలోనే తిరుగుతున్నారు. బాగా పనిచేస్తున్న యంత్రం పనికిరాదని తేల్చే హక్కు వాళ్ళకెవరిచ్చారు? టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేకే 11 ఎక్కదంటారు గానీ, ఆరో తరం బోర్డుల్లో చాలావాటికి అది ఉంటుంది, బయోస్ సెట్టింగుల్లో ఆన్ చేసుకోవడమే. అసలు అడ్డం ప్రాసెసర్ల జాబితా. ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటాం అన్నారు, దాదాపు అంతకు ముందువన్నీ అవతలికే. ఈ ఒక్క నిర్ణయం వల్ల ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకు చేరవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. ఆ చెత్తలో కొంత చివరికి మన ఊళ్ళ పాత సామాను కొట్లకే వచ్చి చేరుతుంది. వైర్లు కాల్చి రాగి తీసే పిల్లల ఊపిరితిత్తుల సంగతి ఈ లెక్కల్లో ఎవరూ వేయరు.

కేరళ చూడండి. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఎన్నో ఏళ్ళుగా లినక్సే. కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు అనే లినక్స్ రకం మీద తమ అవసరాలకి తగ్గట్టు ఒక కూర్పు తయారు చేసి రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో నడుపుతోంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. లినక్స్‌లోనే ఇంకో రకమైన మింట్ 22 వేసుకుంటే 2029 దాకా అప్‌డేట్లు ఉచితం. మీ మేనల్లుడు చెప్పిందే సరైన మాట.

పద్దు_లెక్క

నాది చిన్న మాట. బిల్లింగ్ సిస్టమ్ జోలికి ఇప్పుడే పోకండి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ నేరుగా లినక్స్ మీద నడవదు. డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి రిటర్న్ వేసే రోజు అది పనిచేయకపోతే ఆలస్యానికి రుసుము కట్టేది మీరే. కొత్తది ఒక్కటే కొనగలిగితే దానికే కొనండి.

తెనాలి_అక్షరం

లినక్స్ మీద నాకేం కోపం లేదండీ. మా మేనల్లుడు కౌంటర్ సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూపించాడు, బాగుంది. కానీ నా చేతులు అనులోని యాపిల్ అనే కీబోర్డు అమరికకి అలవాటుపడ్డాయి. చూడకుండా కొడతాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రి ప్రూఫ్, పొద్దున్నే కార్డు అంటారు. అప్పుడు కొత్త కీబోర్డు నేర్చుకుంటూ కూర్చోలేను. పైగా ఏళ్ళ తరబడి దాచిన పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి. నిరుడు వేసిన రసీదు పుస్తకం మళ్ళీ కావాలని వస్తారు, నంబర్లు మార్చి ఇస్తే చాలు. అవి తెరుచుకోకపోతే షాపే లేదు.

లిపి_ప్రియ

తెనాలి గారూ, ఇక్కడే ఆగి ఆలోచిద్దాం. మీ మెడకి పడిన ముడి విండోస్ 10 కాదు, ఆ ఫైళ్ళు. మూడు సిస్టమ్‌లూ కొత్తవి కొన్నా, మూడిట్లో లినక్స్ వేసినా అది విడదు.

అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కంప్యూటర్‌కి తెలుగని తెలియదు. ఇంగ్లీషు అక్షరాలూ, యూరప్ భాషల గుర్తులూ ఉండాల్సిన గళ్ళలో మన తలకట్టునీ, గుడినీ, ఒత్తునీ ముక్కలుగా కూర్చారు. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే చెత్త. అందులో ఒక పేరు వెతకలేరు, అక్షరక్రమంలో పేర్చలేరు, వాట్సాప్‌లో అతికించలేరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అదే కంపెనీ ఇన్‌డిజైన్ కూడా కొన్నాళ్ళు పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచింది, సీఎస్6 కూర్పు తర్వాత మానేసింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. విండోస్ 10 వాటిలో ఒకటి మాత్రమే.

ఇంకా తెరిచి ఉన్న తలుపు ఒకటుంది. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుస్తుంది. పేజీ కొలతలూ, గీతలూ, పెట్టెలూ చాలావరకు అలాగే వస్తాయి. అక్షరాలు మాత్రం పాత కోడ్‌లోనే ఉంటాయి, వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. నేను కొన్ని సంచికల పాత పత్రిక ఒకటి అలా మార్చాను. ఎక్కడ చెడుతుందో ముందే చెప్తాను: క్రావడి. అచ్చులో అది అక్షరం ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది. నా ఫైళ్ళలో అక్షరం కంటే ముందే నమోదై ఉండేది. కన్వర్టర్ పొరబడితే దానికి ముందున్న అక్షరానికి తగిలిస్తుంది. 'చంద్ర', 'ఇంద్ర', 'శాస్త్రి' ఉన్న ప్రతి చోటా కళ్ళతో చూడాల్సిందే. పెళ్ళి కార్డులో పేరు తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందంగా ఉండే యూనికోడ్ ఫాంట్లు లేవన్న మాట కూడా పాతబడింది. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. శీర్షికకి రామభద్ర, లోపలి పాఠానికి మండలి పెట్టి ఒక ఆహ్వానపత్రిక చేసి చూడండి. అనులో ఉన్నన్ని వంపులు లేవని ఒప్పుకుంటాను, పెళ్ళి కార్డులకి అది నిజంగా లోటే. లినక్స్‌లో పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 ఒత్తులను సరిగ్గా కూరుస్తుంది, పాత కూర్పుల్లో ఆ పని అయ్యేది కాదు.

ఓరుగల్లు_నెట్

లిపి గారు చెప్పింది మంచిగనే ఉంది, కని అది ఖాళీ టైం ఉన్నోళ్ల పని. తెనాలన్న గిరాకీ చూస్కోవాల్నా, క్రావడీలు ఏరుకోవాల్నా? పేజ్‌మేకర్ సిస్టమ్‌కు నెట్ పీకెయ్యి అన్నా. ఆ విండోస్ 10 ఇంకో పదేండ్లు నడుస్తది. నెట్ లేని దాన్ల దొంగ ఎట్ల జొరబడతడు?

సర్వర్_రూమ్

పెన్‌డ్రైవ్‌లోంచి. జిరాక్స్ షాపు నడిపేవాళ్ళకి షార్ట్‌కట్ వైరస్ గురించి నేను చెప్పాలా? కాలేజీ పిల్ల ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకి తెస్తుంది. మీ దగ్గర గుచ్చి తీసేసరికి ఫోల్డర్లన్నీ మాయమై, వాటి స్థానంలో బాణం గుర్తులుంటాయి. ఒక ఊళ్ళో ఒక షాపుకి తగిలితే కాలేజీ మొత్తం తిరుగుతుంది. నెట్ పీకడం మంచిదే, నేనూ అదే చెప్తాను. కానీ బయటి పెన్‌డ్రైవ్ ఒక్కటి కూడా అందులో గుచ్చకూడదు. ఫోటో కావాలంటే కౌంటర్ సిస్టమ్‌లో తెరిచి, షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తీసుకెళ్ళాలి. గిరాకీ ముసిరినప్పుడు ఆ నియమం నిలబడుతుందా అన్నదే నా భయం.

స్వేచ్ఛా_మార్గం

అందుకే కౌంటర్ దగ్గర లినక్స్ ఉండాలి! షార్ట్‌కట్ వైరస్ విండోస్ కోసం రాసింది. మింట్‌లో గుచ్చితే ఆ బాణాలు ఉత్త ఫైళ్ళు, వాటి వెనక దాగిన అసలు ఫోల్డర్లు కూడా కనిపిస్తాయి. ఆ అమ్మాయి ప్రాజెక్టు బయటికి తీసి, వైరస్ ఫైలు తుడిచి పంపవచ్చు. మెయిల్, వాట్సాప్, ప్రింటు, దరఖాస్తులు అన్నీ బ్రౌజర్‌లో అయ్యే పనులే.

ఓరుగల్లు_నెట్

అన్నీ బ్రౌజర్‌ల కావు అక్కా. వేలిముద్ర పెట్టే యంత్రానికి ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలె. నా దగ్గరున్న దానికి కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కే ఉన్నది. పాత లేజర్ ప్రింటర్ల సంగతి సరేసరి, డ్రైవర్ దొరకక ఒక ఆదివారం మొత్తం పోయింది నాకు. ముసలామె పింఛన్ కోసం వేలు పెట్టి నిలవడితే "అమ్మా, మాది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అని చెప్తే ఆమె కడుపు నిండదు.

స్వేచ్ఛా_మార్గం

తమ్ముడూ, ఆ మాట నిజం. కాకపోతే తప్పు లినక్స్‌ది అనకు. జనం డబ్బుతో నడిచే సేవకి వాడే యంత్రం ఒకే కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవాలని ఎందుకుండాలి? టెండర్‌లోనే రెండిటికీ డ్రైవర్ ఇవ్వాలని రాస్తే తయారీదారు ఇచ్చి తీరతాడు. అది మనం అడగాలి. తెనాలి గారి షాపులో వేలిముద్ర పని ఉందా?

తెనాలి_అక్షరం

మా దగ్గర వేలిముద్ర పని లేదమ్మా. ప్రింటర్ ఒకటి పాతది, రెండోది నెట్‌వర్క్ ప్రింటర్, మేనల్లుడు పెట్టిన మింట్‌లో రెండోది దానంతటదే దొరికింది.

అయితే ఇలా చేద్దామనుకుంటున్నాను. కౌంటర్‌లో మింట్. బిల్లింగ్‌కి ఒక్క కొత్త సిస్టమ్. పేజ్‌మేకర్ సిస్టమ్‌కి నెట్ తీసేసి అలాగే ఉంచుతాను. రూఫస్ అనే సాధనంతో 11 దొడ్డిదారిన వేయొచ్చని ఒకాయన ఫోన్‌లో చెప్పాడు, అది ఎలాంటిదంటారు?

సర్వర్_రూమ్

ఆరో తరం మీద నడుస్తుంది. 11లో 24హెచ్2 కూర్పు నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల సమితి ఉండాలన్నారు, మీ వాటిలో ఉంటుంది. కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్‌లో వేసుకోండి, షాపులో వద్దు. మిగతా ఏర్పాటుకి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి చేర్చండి: పేజ్‌మేకర్ ఫైళ్ళు రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ తీసి, ఒకటి ఇంట్లో పెట్టండి. ఆ ఎస్‌ఎస్‌డీ పోతే వైరస్‌తో పనే లేదు.

లిపి_ప్రియ

నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. "అలాగే ఉంచుతాను" అన్న ఆ సిస్టమ్ మదర్‌బోర్డు ఏదో రోజు పోతుంది. అన్నీ మార్చమనను. పెళ్ళి కార్డులు వదిలేయండి, ఆ పెళ్ళి మళ్ళీ జరగదు. ఏటా తిరిగొచ్చేవి ఏరండి: గుడి రసీదులు, బడి దరఖాస్తులు, సంఘాల లెటర్‌హెడ్లు. ఎవరు మళ్ళీ అడిగితే ఆ ఒక్క ఫైలు ఆ రోజే యూనికోడ్‌లో కొత్తగా చేసి ఇవ్వండి, పాతది ముట్టుకోకండి. కొత్త కీబోర్డు భయం అక్కర్లేదు, యాపిల్ అమరికలో యూనికోడ్ కొట్టే సాధనాలు ఉన్నాయి, చేతి అలవాటు పోదు.

ఓరుగల్లు_నెట్

గిట్లయితే నేనూ ఒప్పుకుంట. ఆ సాధనం ఏందో, ఎట్ల వేసుకోవాల్నో ఇక్కడ్నే రాయుండ్రి లిపి గారూ, నాకు కూడా పనికొస్తది.