మూడు తీగల సిగార్ బాక్స్ గిటార్: బ్లూస్ ధ్వనికి ఏ గేజ్ (మందం) తీగలు?

డబ్బాగిటార్:
నమస్తే. మూడు తీగల వాయిద్యం, స్కేల్ (మోగే తీగ పొడవు) 25 అంగుళాలు, మెడ కర్ర పెట్టెలోంచి చివరిదాకా వెళ్లింది. లోపల పీజో డిస్క్ (కంపనాన్ని పట్టే పికప్). జి-డి-జి ట్యూనింగ్. అకూస్టిక్ లైట్ సెట్‌లో (.012–.053 అంగుళం మందం) సన్నవి మూడూ వేస్తే .012 తెగింది, మిగతావి రేకుడబ్బాలా మోగుతున్నాయి. స్లైడ్‌తో (తీగల మీద జార్చే గొట్టం) డెల్టా బ్లూస్ లాంటి బరువైన ధ్వని కావాలి. ఏం వెయ్యాలి?

మెట్లలెక్క:
సెట్ మంచిదేనండి, తీసిన తీగలే తప్పు. ఆ మూడూ జి, బి, ఇ. జి-డి-జి చెయ్యాలంటే బి, ఇ రెండింటినీ మూడేసి మెట్లు (స్వరస్థానాలు) పైకి లాగాలి, అంటే బిగువు 41 శాతం పెరుగుతుంది. తెగక ఏం చేస్తుంది?

అదే సెట్‌లో సన్న తీగ నుంచి లెక్కపెట్టి 5, 4, 3 నంబర్లు తియ్యండి: .042, .032, .024. డి, జి వాటి శ్రుతిలోనే ఉంటాయి, ఎ తీగని రెండు మెట్లు దించితే జి. మొత్తం బిగువు సుమారు 37 కిలోలు. మెడ కర్ర నిలువునా ఉంది కాబట్టి లాగుడంతా అదే మోస్తుంది, మూత మీద బ్రిడ్జి నొక్కుడు మాత్రమే.

దించిన ఎ తీగ కొంచెం వదులవుతుంది, స్లైడ్ గట్టిగా ఆనిస్తే మెట్లకు తగిలి గరగరమంటుంది. అప్పుడు ఆ ఒక్కటీ .046 చెయ్యండి. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు 3 మి.మీ. ఉంచండి. వేళ్లతో నొక్కి వాయించేవాళ్లకి అది కష్టం, స్లైడ్‌కి అదే హాయి.

ఇంకోటి, నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడులు. సన్న తీగకి కోసిన గాడిలో .042 ఇరుక్కుంటుంది. ట్యూనర్ తిప్పుతుంటే కదలదు, కదలదు, ఒక్కసారిగా ‘టిక్’మని శ్రుతి దాటేస్తుంది. గాడిని తీగకన్నా ఒక్క పిసరు వెడల్పు చేసి పెన్సిల్ ముక్కు రుద్దండి.

నికెల్‌పక్షం:
పీజో ఉన్నంతకాలం అకూస్టిక్ సెట్‌లోని బ్రాంజ్ చుట్టు తీగలే బాగు. తర్వాత మాగ్నెటిక్ పికప్ పెడితే మాత్రం బ్రాంజ్ చుట్టు దానికి కనపడదు, లోపలి ఉక్కు తీగే కనపడుతుంది, చుట్టు తీగలు నీరసంగా వస్తాయి. అప్పుడు ఎలక్ట్రిక్ .010–.046 సెట్‌లోంచి .036, .026, .017. చుట్టు లేని .017 మీద స్లైడ్ గీరుడు ఉండదు. కానీ మొత్తం 22 కిలోలే, బరువైన ఇనుప స్లైడ్‌కి వదులు. గాజుది వాడండి.

డబ్బాగిటార్:
5, 4, 3 వేశాను, ధ్వని మారిపోయింది! కానీ తీగల చివరి బంతులు కర్రలోకి దిగబడుతున్నాయి. ఎ-ఇ-ఎ కి పెంచొచ్చా?

మెట్లలెక్క:
ముందు బంతుల సంగతి చూడండి. కర్ర చివర చిన్న ఇత్తడి మడతబందు స్క్రూలతో బిగించి, దాని రంధ్రాల్లోంచి తీగలు పోనివ్వండి. ఎ-ఇ-ఎ అంటే బిగువు 26 శాతం ఎక్కువ, .042 కి మంచిదే (దాని సొంత శ్రుతి ఎ), మిగతా రెండూ మరీ బిర్రవుతాయి. .030, .022 కి దిగండి.

సపస:
కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక మాట: జి-డి-జి అంటే స-ప-స, గాంధారం లేదు. అందుకే పై తీగ మీద 3వ మెట్టు (సాధారణ గాంధారం), 4వ మెట్టు (అంతర గాంధారం) మధ్య స్లైడ్‌ని తేలిస్తే బ్లూస్ గాంధారం అక్కడ దొరుకుతుంది. స్లైడ్ మెట్టు వెనక కాదు, సరిగ్గా మెట్టు మీదే ఉండాలి. నాలుగో తీగగా బి (.016) కడితే అంతర గాంధారం స్థిరపడిపోతుంది, ఈ ఊగిసలాట పోతుంది. మూడుతోనే ఉండండి.