విలియం బ్యాంక్స్ రహస్యంగా ఇంటికొచ్చాడనడానికి కాగితం ఆధారం ఉందా?

బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, ఫిలే స్తంభాన్ని ఈజిప్టు నుంచి ఇంగ్లండులోని డోర్సెట్‌కు తెప్పించిన విలియం జాన్ బ్యాంక్స్ (1786–1855) గురించి చదివినవారు సాయం చేయగలరు.

1833లో ఒక సైనికుడితో పట్టుబడ్డ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. వెల్లింగ్టన్ డ్యూక్ అంతటివాడు అతని నడత మంచిదని సాక్ష్యమిచ్చాడు. 1841లో లండన్ గ్రీన్ పార్కులో మళ్లీ ఒక సైనికుడితో దొరికాక దేశం వదిలాడు. ఇంగ్లండులో పురుషుల మధ్య సంభోగానికి 1861 దాకా చట్టంలో ఉరిశిక్షే ఉంది. విచారణకు రాకపోతే ఆస్తి ప్రభుత్వపరమయ్యే ప్రమాదం ఉందని ముందే సోదరుల పేరున మార్చాడు. అలా తనది కాకుండా పోయిన, డోర్సెట్‌లోని కుటుంబపు ఇల్లు కింగ్‌స్టన్ లేసీకే తాను తలదాచుకున్న వెనిస్ నుంచి పాలరాతి పనులు, చెక్కడాలు పంపుతూ పోయాడు. ఎంత మమకారం! 1981లో ఆ ఇల్లు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థ చేతికి వచ్చింది.

చనిపోయేలోపు అతను రహస్యంగా వచ్చి ఇల్లు చూసుకున్నాడన్న మాటను చాలామంది రుజువైనట్టే రాస్తున్నారు. డోర్సెట్ హిస్టరీ సెంటర్‌లోని బ్యాంక్స్ కుటుంబ పత్రాలు చూసినవారెవరైనా చెప్పండి: 1841 తర్వాతి ఉత్తరాల్లో, ఎస్టేటు ఖర్చుల లెక్కల్లో అతని రాకకు తేదీతో దాఖలా ఉందా? ఉత్తరంలో రాసిన తేదీ ఒక్కటే చాలదు, తపాలా ముద్ర కూడా కావాలి. ఏ కట్టలో చూడాలో చెప్పినా మేలే.