వెబ్ పేజీ అన్ని బ్రౌజర్లలోనూ అచ్చు ఒకేలా కనిపించి తీరాలా?

కొత్త అభ్యాసి: మా ఊరి గ్రంథాలయం కోసం ఒక వెబ్ పేజీ రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో, క్రోమ్‌లో చక్కగా ఉన్న ఆ పేజీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర దాటిపోయి, పక్కకు జరుపుకుంటే గాని కనిపించడం లేదు. మిత్రుడి ఐఫోన్‌లోనైతే ‘పుస్తకాల పట్టిక’ అనే శీర్షికలో ఒత్తుల అడుగుభాగం తెగిపోతోంది. ప్రతి బ్రౌజర్‌కూ విడివిడిగా సర్దాలా, లేక బూట్‌స్ట్రాప్ వంటి ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసిపెట్టిన పేజీ రూప నియమాల మూట) తెచ్చిపెట్టుకోవడమే మేలా?

ఫ్రేమ్‌వర్క్ పక్షం: తెచ్చిపెట్టుకోండి. పేజీ చుట్టూ బ్రౌజర్లు తమంతట తామే వదిలే 8 పిక్సెళ్ల ఖాళీ మొదలుకొని బటన్ల రూపం వరకు ఉన్న తేడాలను అది ముందే చదును చేస్తుంది. పేజీని 12 నిలువు వరుసలుగా పంచే గ్రిడ్ కూడా సిద్ధంగా దొరుకుతుంది. ఇతరులు ఏళ్ల తరబడి పడిన పాట్లను కొత్తవారు మళ్లీ మొదటినుంచి పడవలసిన అవసరం లేదు.

చేతిరాత పక్షం (ఫ్రేమ్‌వర్క్ లేకుండా నియమాలన్నీ తామే రాసుకోవాలనేవారు): ఫ్రేమ్‌వర్కుల మీద నాకు ద్వేషమేమీ లేదు గాని, ఇక్కడి రెండు తప్పులూ బ్రౌజర్లవి కావు. ఫోన్ కోసం రాసిన నియమంలో మెనూకు 100 శాతం విడ్త్ (వెడల్పు) ఇచ్చి, ఇరువైపులా 20 పిక్సెళ్ల చొప్పున ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) కూడా పెట్టి ఉంటారని నా అనుమానం. పేజీ రూపాన్ని చెప్పే భాష అయిన సీఎస్ఎస్ మామూలు లెక్కలో ప్యాడింగ్ విడ్త్‌కు అదనం కాబట్టి, 360 పిక్సెళ్ల తెర మీద ఆ పెట్టె 400 పిక్సెళ్లకు చేరుతుంది. బాక్స్-సైజింగ్ అనే నియమాన్ని బోర్డర్-బాక్స్‌గా మారిస్తే ప్యాడింగ్ విడ్త్‌లోనే ఇమిడిపోతుంది, అది సరిపోతుంది. అన్నట్టు, ఫైలు మొదటి వరుసలో డాక్‌టైప్ (ఇది హెచ్‌టీఎంఎల్ పేజీ అని చెప్పే ప్రకటన) ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే బ్రౌజర్లు పాతకాలపు పేజీల కోసం అట్టిపెట్టుకున్న క్విర్క్స్ మోడ్‌లోకి వెళ్లిపోతాయి.

ఇక ఒత్తుల సంగతి. విండోస్‌లో తెలుగు ఫాంటు నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్‌లో మరొకటి. ఒక్కొక్క ఫాంటులో ఒత్తు ఒక్కొక్క లోతుకు దిగుతుంది. శీర్షిక పెట్టెకు మీరు ఎత్తును పిక్సెళ్లలో బిగించి, ఓవర్‌ఫ్లోను హిడెన్ చేసి (పెట్టె దాటినదాన్ని దాచమని చెప్పి) ఉంటే, లోతుగా దిగిన ఒత్తు తెగక మానదు. ఫ్రేమ్‌వర్క్ దీనికి మందు కాదు సరికదా, బూట్‌స్ట్రాప్ శీర్షికలకు ఇచ్చే లైన్-హైట్ (వరుస ఎత్తు, అక్షర పరిమాణానికి ఇన్ని రెట్లు అని) 1.2 మాత్రమే; ఇంగ్లీషుకు అది చాలు, తెలుగులో రెండు వరుసల శీర్షిక వస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ఫ్రేమ్‌వర్క్ పక్షం: 1.2 విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, అయితే దాన్ని ఒక్క నియమంతో మార్చుకోవచ్చు. చేతితో రాసేవారికి వేరే చిక్కులున్నాయి. పెట్టెలను వరుసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్‌లో వాటి మధ్య ఖాళీ ఇచ్చే గ్యాప్ అనే సౌకర్యం ఐఫోన్ బ్రౌజర్ సఫారీకి 2021లో, 14.1 వెర్షన్‌తో గాని రాలేదు. అంతకంటే పాత సఫారీ ఉన్న ఐఫోన్‌లో ఆ పుస్తకాల పేర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ ఫోన్‌లో క్రోమ్ పెట్టి చూసినా ప్రయోజనం లేదు, దాని లోపల పనిచేసేదీ సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే.

చేతిరాత పక్షం: గ్యాప్ బదులు మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) వాడితే ఆ ఫోన్లలోనూ ఖాళీ వస్తుంది.

కొత్త అభ్యాసి: ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్యాడింగ్ విషయం మీరు ఊహించినట్టే ఉంది. శీర్షిక ఎత్తు తీసేసి లైన్-హైట్ 1.6 పెట్టాక ఒత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయి. ఐఫోన్‌లో అక్షరాలు కొంచెం సన్నగా ఉన్నాయి. చదవడానికి అడ్డు లేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.