నాయిస్ లేకపోతే అల్ట్రాసౌండ్ ఇమేజ్ సూపర్‌గా వస్తోంది, 2% కలిపితే మొత్తం చెత్త, ఎందుకిలా?

అలలవేట:
అందరికీ నమస్తే. అల్ట్రాసౌండ్ టోమోగ్రఫీ సిమ్యులేషన్ చేస్తున్నా. నీళ్ళలో ఒక వస్తువు, దాని చుట్టూ 20 సెంటీమీటర్ల రింగు మీద 128 ట్రాన్స్‌డ్యూసర్లు, ఒకటి పల్స్ వదిలితే మిగతావన్నీ వింటాయి, ఫ్రీక్వెన్సీ 500 కిలోహెర్ట్జ్. బార్న్ అప్రాక్సిమేషన్‌తో (వస్తువు లోపల అల ఒక్కసారే చెదురుతుందనుకునే ఉజ్జాయింపు) లీనియర్ చేసి, అలా వచ్చిన మ్యాట్రిక్స్‌ని లీస్ట్ స్క్వేర్స్‌తో (డేటాతో తేడా వీలైనంత తగ్గించే పద్ధతి) సాల్వ్ చేసి లోపల సౌండ్ స్పీడ్ మ్యాప్ తీస్తున్నా. డేటా కూడా ఆ మ్యాట్రిక్స్‌తోనే తయారు చేశా. నాయిస్ లేకపోతే పిక్సెల్ పిక్సెల్ కరెక్ట్‌గా వస్తోంది. 2% గాసియన్ నాయిస్ కలపగానే స్క్రీన్ అంతా ఇసక చల్లినట్టు అయిపోతోంది, వస్తువు ఎక్కడుందో కూడా తెలీట్లేదు. 2 శాతానికే ఇంత రచ్చ ఏంటి? డేటాకి ముందే ఫిల్టర్ వేస్తే సరిపోతుందా?

సింగులర్‌సుబ్బు:
ఫిల్టర్ వేసినా పెద్దగా ఒరిగేదేం లేదు బ్రో, తప్పు నాయిస్‌ది కాదు. ఆ మ్యాట్రిక్స్‌కి ఎస్‌వీడీ (దాన్ని విడి విడి దిశలుగా విడగొట్టే పద్ధతి) చేసి, ఒక్కో దిశని మ్యాట్రిక్స్ ఎంత పెంచుతుందో చెప్పే సింగులర్ వాల్యూస్‌ని లాగ్ స్కేల్‌లో ప్లాట్ చేసి చూడు, జర్రున కిందకి జారిపోతాయి. అన్నిట్లో పెద్దది 1 అనుకుంటే చివర్లోవి 10⁻⁸ దగ్గర ఉంటే, ఆ దిశలో ఉన్న నాయిస్‌ని నువ్వు 10⁸తో గుణిస్తున్నట్టే కదా, ఇంక 2% అయినా 0.02% అయినా ఒకటే. డేటాలో చిన్న తేడాకే జవాబు మొత్తం మారిపోయే లెక్కలివి, గణితవేత్త హడమార్డ్ ఇల్-పోజ్డ్ అన్నది ఇలాంటి వాటినే. టిఖొనోవ్ రెగ్యులరైజేషన్ పెట్టు, చిన్న సింగులర్ వాల్యూస్ ఉన్న దిశల్లో డేటాని నమ్మడం మానేస్తుంది, అంతే దాని పని.

లాంబ్డా (ఆ రెగ్యులరైజేషన్ ఎంత గట్టిగా పెట్టాలో చెప్పే అంకె) ఎంత అని నెక్స్ట్ అడుగుతావ్, అందరూ అడుగుతారు. మోరొజోవ్ డిస్క్రెపెన్సీ రూల్ వాడు: మిగిలిన రెసిడ్యువల్ (డేటాకీ మోడల్ లెక్కకీ మధ్య తేడా) సైజు నాయిస్ సైజుకి దాదాపు సమానం అయ్యేలా లాంబ్డా పెంచుకుంటూ పో. అంతకన్నా బాగా ఫిట్ అవుతోందంటే నువ్వు నాయిస్‌ని ఫిట్ చేస్తున్నావని అర్థం. రియల్ డేటాలో నాయిస్ ఎంతో ఎలా తెలుస్తుంది అంటావా, పల్స్ రిసీవర్‌కి చేరక ముందు ట్రేస్‌లో (రికార్డయిన సిగ్నల్‌లో) ఉండేదంతా ఉత్త నాయిసే, దాని వేరియన్స్ లెక్కేసుకో.

గ్రిడ్‌మాస్టర్:
పైన చెప్పింది కరెక్టే గానీ నాకు అసలు డౌట్ నాయిస్ లేని రిజల్ట్ మీదే. ఏ మ్యాట్రిక్స్‌తో డేటా తయారు చేశారో దాన్నే తిప్పి సాల్వ్ చేస్తే రాకుండా ఎలా ఉంటుందండీ? దీన్ని ఇన్వర్స్ క్రైమ్ అంటారు, కోల్టన్, క్రెస్ పుస్తకంతో పాపులర్ అయిన మాట. డేటాని కే-వేవ్ లాంటి ఫుల్ వేవ్ సాల్వర్‌తో, ఇంకా సన్నటి గ్రిడ్ మీద తీయండి, రికన్‌స్ట్రక్షన్ వేరే గ్రిడ్ మీద చేయండి. అప్పుడు నాయిస్ కలపకుండానే ఇమేజ్ ఎంత పాడవుతుందో చూస్తే మోడల్ ఎర్రర్ వాటా ఎంత, నాయిస్ వాటా ఎంత అనేది విడిగా తెలుస్తుంది.

అలలవేట:
థాంక్యూ ఇద్దరికీ. కే-వేవ్‌తో డేటా మళ్ళీ తీసి, టిఖొనోవ్ పెట్టి, లాంబ్డాని డిస్క్రెపెన్సీతో ఎంచుకున్నా. ఇసక పోయింది, చిన్న వస్తువులు కొంచెం మసగ్గా ఉన్నా గుర్తుపట్టొచ్చు. కానీ 10 సెంటీమీటర్ల కొవ్వు ముక్క పెడితే నాయిస్ జీరో ఉన్నా లోపల రింగులు రింగులుగా వస్తోంది, స్పీడ్ కూడా తప్పు. లాంబ్డా ఎంత తిప్పినా మారట్లేదు. టోటల్ వేరియేషన్ (టీవీ, ఇంకో రకం రెగ్యులరైజేషన్) ట్రై చేయాలా?

తరంగరావు:
తమ్ముడూ, టీవీ అంచుల్ని షార్ప్‌గా ఉంచుతుంది నిజమే, కానీ ఇక్కడ అది పెడితే తప్పు ఇమేజే షార్ప్‌గా కనిపిస్తుంది. లెక్క చూడు. నీళ్ళలో 1500 మీటర్లు/సెకను, కొవ్వులో సుమారు 1450. 10 సెంటీమీటర్లకి నీళ్ళలో 66.7 మైక్రోసెకన్లు, కొవ్వులో 69, అంటే 2.3 మైక్రోసెకన్ల లేటు. 500 కిలోహెర్ట్జ్‌కి ఒక పీరియడ్ 2 మైక్రోసెకన్లే. లేటు సగం పీరియడ్ దాటితే బార్న్ పనిచేయదు, నీది ఒక పీరియడే దాటిపోయింది. చిన్న వస్తువుల్లో లేటు తక్కువ కాబట్టి అవి బతికిపోయాయి.

ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్‌కి (రికార్డయిన అల ఆకారం మొత్తాన్ని మ్యాచ్ చేసే పద్ధతి) మారినా ఇదే గొడవ, అక్కడ సైకిల్ స్కిప్పింగ్ అంటారు, పక్క సైకిల్‌కి మ్యాచ్ అయిపోయి కరెక్ట్ అనుకుంటుంది. అందుకే ముందు ఫస్ట్ అరైవల్ టైమ్స్ పిక్ చేసి ట్రావెల్ టైమ్ టోమోగ్రఫీతో మసక మ్యాప్ ఒకటి తీసి దాన్నే స్టార్టింగ్ మోడల్‌గా పెట్టు, తర్వాత తక్కువ ఫ్రీక్వెన్సీతో మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ రా. 200 కిలోహెర్ట్జ్ దగ్గర సగం పీరియడ్ 2.5 మైక్రోసెకన్లు, 2.3 అందులో ఇరుకుగా పడుతుంది, నీళ్ళతోనే మొదలెట్టినా నడవొచ్చు. కాకపోతే నిజం ట్రాన్స్‌డ్యూసర్లు వాటి బ్యాండ్ (పనిచేసే ఫ్రీక్వెన్సీల పరిధి) అంచున బలహీనంగా ఉంటాయి, సరిగ్గా నీకు కావాల్సిన ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలోనే నాయిస్ ఎక్కువ. 16 షాట్లు యావరేజ్ చేస్తే రాండమ్ నాయిస్ నాలుగో వంతుకి దిగుతుంది, ఆ డేటాతో ముందు ట్రావెల్ టైమ్ మ్యాప్ తీసి ఇక్కడ పెట్టు, చూద్దాం.