ట్రాక్టర్ మీద ఫైర్ సిలిండర్: పెట్టాలా, దండగా?

మూసీ ఆయకట్టు
అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట వైపు. యాసంగి కోతలయ్యాక గడ్డి కట్టలు కట్టే బేలర్ తిప్పుతాను. మొన్న ఏప్రిల్ నెలాఖరున, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, పొలంలో నడుస్తున్న ట్రాక్టరుకు ఇంజిన్ పక్కన మంట లేచింది. సైలెన్సర్ దగ్గర పేరుకున్న గడ్డి అంటుకుందని తర్వాత తెలిసింది. మొదట అరచేతి వెడల్పు మంటేనట. డ్రైవర్ దిగి గట్టు దాకా పరుగెత్తి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి ముందు టైర్లు కాలుతున్నాయి. ఫైర్ ఇంజిన్ రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ట్రాక్టరు, బేలర్ రెండూ పోయాయి. ఇంకా ఇరవై రెండు నెలల కిస్తీలు కట్టాలి. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది, దాంట్లో మన బండికి రూపాయి రాదు.

నా మాట ఒక్కటే. పదిహేను వందలు పెట్టి రెండు కిలోల పౌడర్ సిలిండర్ పెట్టుకుని ఉంటే, డ్రైవర్ ఒక్క నిమిషం నిలబడి ఉంటే, ఇంత నష్టం జరిగేది కాదు. ప్రతి ట్రాక్టరుకూ, హార్వెస్టర్‌కూ సిలిండర్ తప్పనిసరి చెయ్యాలి. మీరేమంటారు?

తూర్పు డెల్టా
మీకు జరిగింది చదివితే మనసుకు కష్టంగా ఉందండీ. కానీ మీ మాట మాత్రం ఒప్పుకోలేను. మాది మండపేట దగ్గర. రెండు హార్వెస్టర్లు ఉన్నాయి, పద్నాలుగు దాళ్వాలు కోయించాను. గడ్డి మంట పౌడర్‌తో ఆరదు. పైన మంట పడిపోతుంది, లోపల నిప్పు అలాగే ఉంటుంది, గాలి తగలగానే మళ్ళీ లేస్తుంది. గడ్డికి నీళ్ళే మందు. నేను మిషన్ మీద ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, నీళ్ళు నింపిన తైవాన్ స్ప్రేయర్ ఒకటి పెట్టిస్తాను. మందు కొట్టే స్ప్రేయర్ ప్రతి రైతు ఇంట్లోనూ ఉంది. సిలిండర్ కొనడం దండగ.

జిలకర మసూరి
స్ప్రేయర్ మాట బాగుంది. ఇది మాకు తట్టలేదు.

మూసీ ఆయకట్టు
డెల్టా అన్నా, నాది గడ్డివాము కాదు, ఇంజిన్. అక్కడ డీజిల్ పైపులున్నాయి, వైర్లున్నాయి. కారిన డీజిల్ మీద నీళ్ళు పోస్తే డీజిల్ నీళ్ళ మీద తేలి మంట ఇంకా పరుచుకుంటుంది. నీళ్ళు ఎక్కడ పనికొస్తాయో అక్కడ పనికొస్తాయి.

తూర్పు డెల్టా
మీ ఇంజిన్ దగ్గర కాలింది గడ్డేనని మీరే రాశారు. సరే, ఒక లెక్క అడుగుతాను, సూటిగా చెప్పండి. రెండు కిలోల సిలిండర్ నొక్కితే పౌడర్ ఎంతసేపు వస్తుంది?

మూసీ ఆయకట్టు
అర నిమిషం వస్తుందని షాపతను చెప్పాడు.

తూర్పు డెల్టా
పది సెకన్లు! మా ఊరి రైస్ మిల్లులో డెమో పెట్టినప్పుడు ఫోన్‌లో టైమ్ చూశాను. పది సెకన్లలో ఏం ఆర్పుతారండీ? స్ప్రేయర్ అయితే పావుగంట కొడుతుంది.

మూసీ ఆయకట్టు
అరచేతి వెడల్పు మంటకు పది సెకన్లు చాలు. మీరు సెకన్లు లెక్కపెడుతున్నారు, నేను కిస్తీలు లెక్కపెడుతున్నాను.

పానా పట్టినోణ్ణి
నరసరావుపేటలో ట్రాక్టర్ మెకానిక్‌ని. ఇద్దరూ మంట లేచాక ఏం చెయ్యాలో మాట్లాడుతున్నారు. అసలు ఎందుకు లేస్తుందో ఎవరూ అనడం లేదు. నా దగ్గరికి కాలిన బళ్ళు వస్తాయి. ఎక్కువగా కనిపించేది వైరింగ్. ఫ్యూజు మాడిపోతే కొత్తది వెయ్యకుండా రాగి తీగ చుడతారు. ఆ తర్వాత సౌండ్ బాక్సులు, నాలుగైదు ఎల్‌ఈడీ లైట్లు, అన్నిటికీ బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగుతారు. సీజన్ అయిపోయి ఆరు నెలలు షెడ్డులో ఉన్న బండికి ఎలుకలు వైర్ల తొడుగు కొరికేస్తాయి. ఇక బేలర్‌లో, హార్వెస్టర్‌లో అయితే బేరింగ్ దగ్గర గడ్డి చుట్టుకుంటుంది. బేరింగ్ అరిగి, గ్రీజు లేక కాగిపోయి, ఆ గడ్డే అంటుకుంటుంది. రోజుకు రెండుసార్లు ఇంజిన్ ఆపి, బ్లోయర్‌తో దుమ్మూ గడ్డీ ఊదేయండి. బ్యాటరీకి కట్ స్విచ్ పెట్టించుకోండి. పొగ కనబడగానే అది తిప్పితే సగం మంటలు అక్కడే ఆగుతాయి.

మూసీ గారూ, ఆ రోజు ఎన్నిసార్లు ఊదారు?

మూసీ ఆయకట్టు
అది డ్రైవర్ పని. ఊదానని చెప్పాడు.

సింధనూరు క్యాంపు
మా దగ్గర గడ్డి లోడుకు కరెంటు తీగలు తగిలే కాలుతుంటాయి. దానికి సిలిండర్ ఏం చేస్తుంది?

పాత ఖాకీ
ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. చాలా తప్పులు కనబడుతున్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

డెల్టా గారు చెప్పిన సెకన్ల లెక్క నిజం. రెండు కిలోలది పది సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. మూసీ గారు చెప్పిందీ నిజమే. ఇంజిన్ దగ్గర మొదలైన చిన్న మంటకు అది సరిపోతుంది. సిలిండర్ ఉన్నది మొదటి నిమిషం కోసం. ఏబీసీ అని రాసి ఉన్న సిలిండర్‌లో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పౌడర్ ఉంటుంది. అది డీజిల్ మీదా, వైర్ల మీదా, గడ్డి పై మంట మీదా పనిచేస్తుంది. బీసీ అని మాత్రమే ఉంటే అది గడ్డికీ చెక్కకీ పనికిరాదు, కొనేటప్పుడు చూసుకోండి. గడ్డి కట్ట లోపలికి దిగిన నిప్పుకు మాత్రం ఏ పౌడరూ సరిపోదు. దాన్ని విప్పి నీళ్ళతో తడపాల్సిందే. అంటే బేలర్ తిప్పేవాళ్ళకు రెండూ కావాలి. ముందు పౌడర్, వెనకాల నీళ్ళు.

కొట్టేటప్పుడు గాలి మీ వీపుకు తగిలేలా నిలబడాలి. ఆరడుగుల దూరం ఉంచాలి. మంట నాలుకల మీద కాదు, మంట అడుగున కొట్టాలి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. బానెట్ ఒక్కసారిగా పైకి లేపొద్దు, గాలి చొరబడి భగ్గుమంటుంది. సందులోంచే కొట్టండి.

సింధనూరు గారు అడిగిన దానికి: లోడు లెవెన్ కేవీ తీగకు తగిలితే సిలిండర్ జోలికి పోవద్దు. నీళ్ళు అసలే వద్దు. మంట లేకపోతే సీటు మీదే కూర్చుని, మనుషుల్ని దూరం ఉండమని కేకలు వేసి, లైన్‌మన్‌తో సప్లై ఆపించాలి. మంట ఉండి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకాలి. కాళ్ళు కలిపి ఉంచే చిన్నచిన్న గెంతులతో దూరం వెళ్ళాలి. బండిని పట్టుకుని కాలు కింద పెట్టినవాళ్ళు చనిపోవడం నా సర్వీసులో చూశాను.

జిలకర మసూరి
రెండు కాళ్ళూ కలిపి దూకడం సంగతి మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. గ్రూపులో పెడుతున్నాను.

తూర్పు డెల్టా
ఖాకీ గారూ, నా సెకన్ల లెక్క నిజమన్నారు, సంతోషం. ఇంకో మాట. ప్రయాణికుల బస్సుల్లో సిలిండర్ ఉండాలని రూలుంది కదా. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ అదే ఘోరం. రూలు ఎవర్ని కాపాడింది? తప్పనిసరి చేస్తే మాలాంటివాళ్ళం ఫిట్‌నెస్ రోజున అద్దెకు తెచ్చుకుని చూపించి వచ్చేస్తాం. గ్యాస్ తగ్గిపోయి గేజ్ ముల్లు ఎర్రలో ఉన్న డబ్బాలు తగిలించుకుని తిరగడమే మిగులుతుంది.

పాత ఖాకీ
పాలెంలో బస్సు కల్వర్టును గుద్దుకుని డీజిల్ ట్యాంకు పగిలింది. కర్నూలులో బైకు బస్సు కిందికి వెళ్ళి ఇరుక్కుంది. అవి చేతి సిలిండర్‌తో ఆరే మంటలు కావు. అక్కడ కావాల్సింది అద్దాలు పగలగొట్టే సుత్తి, తెరుచుకునే తలుపు. వాటినీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు.

తూర్పు డెల్టా
నేను రూలు సంగతి అడిగాను, మీరు సుత్తి సంగతి చెబుతున్నారు.

మూసీ ఆయకట్టు
డెల్టా అన్నా, మీకు నష్టం జరగలేదు కాబట్టి ఎన్నైనా మాట్లాడతారు. మీ మిషన్ కాలి ఉంటే ఈ పాటికి రెండు సిలిండర్లు కొని ఉండేవారు. నా డ్రైవర్‌కి ఒక్క నిమిషం ధైర్యం ఉండి ఉంటే నేను ఇవాళ ఇక్కడ ఇలా రాసుకోను. మంటను చూసి పారిపోయేవాళ్ళకు లక్షల బండి అప్పజెప్పడం మనదే తప్పు.

పదేళ్ళ స్టీరింగ్
మొదటి నుంచి చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. మూసీ అన్నా, ‘ఒక్క నిమిషం నిలబడి ఉంటే’ అని రెండుసార్లు రాశావు. దేంతో నిలబడాలి? ఆ రోజు బండి మీద సిలిండర్ లేదు, నీళ్ళు లేవు. ఉత్త చేతులతో నిలబడాలా?

నేను డ్రైవర్‌ని. రెండేళ్ళ కిందట నేను నడిపే హార్వెస్టర్‌కి మంట లేచింది. దాని మీద సిలిండర్ ఉంది. ఓనరు నెల ముందే బిగించాడు. ఎలా వాడాలో ఒక్కసారి కూడా చూపించలేదు. కంగారులో హ్యాండిల్ గట్టిగా నొక్కి పట్టుకుని పిన్ను లాగాను. నొక్కి పట్టుకుంటే పిన్ను బిగుసుకుపోతుందని నాకెలా తెలుస్తుంది? అది ఊడేసరికి మంట పెద్దదైంది. పౌడర్ అయిపోయింది, మంట తిరిగి లేచింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆస్పత్రిలో ఓనరు అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? ‘సిలిండర్ ఉంది కదా, ఎందుకు ఆర్పలేకపోయావు?’ చెయ్యి ఎలా ఉందని ఆ తర్వాత అడిగాడు.

మీరు తగిలించే ఆ ఎర్ర డబ్బా మాకు రక్షణ కాదు. మంట ఆర్పకపోతే తప్పు మాది అని చెప్పడానికి సాక్ష్యం.

తూర్పు డెల్టా
చూశారా, నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే. సిలిండర్ వల్ల ఉపయోగం లేదు.

పదేళ్ళ స్టీరింగ్
కాదండీ. మీరు చెప్పింది నీళ్ళ గురించి. మీ మిషన్ మీద ఆ స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని మంట ముందుకు వెళ్ళేది ఎవరు? మీరా, మీ డ్రైవరా? పావుగంట కొడుతుందని గొప్పగా రాశారు. ఆ పావుగంటా అక్కడ ఉండేది ఎవరు?

పానా పట్టినోణ్ణి
తమ్ముడు చెప్పింది నిజం. ఊదడం డ్రైవర్ పని అంటారు. ఊదడానికి బ్లోయర్ ఉండాలి, అరగంట మిషన్ ఆపనివ్వాలి. మధ్యాహ్నం ఆపితే ఎకరాకు ఎంత పోతుందో లెక్క చెప్పే ఓనర్లనూ చూశాను.

మూసీ ఆయకట్టు
నేను ఆపొద్దని ఎప్పుడూ అనలేదు. బ్లోయర్ కొనలేదు, అది నిజం.

పదేళ్ళ స్టీరింగ్
ఒక్కటి అడుగుతాను. ఆ డ్రైవర్‌కి సీజన్ డబ్బులు ఇచ్చావా?

మూసీ ఆయకట్టు
ముప్పై వేలు బాకీ ఉంది. ఆపాను. తొమ్మిది లక్షల బండి పోయింది. నేను ఎవర్ని అడగాలి? బ్యాంకు నన్ను ఆపుతుందా? ఇంట్లో ఆడవాళ్ళ బంగారం పెట్టి రెండు కిస్తీలు కట్టాను. నా బాధ మీకు అర్థం కావడం లేదు.

పదేళ్ళ స్టీరింగ్
అర్థమవుతోంది. కాని నష్టం నీది, కాలే చెయ్యి వేరొకడిది. అతను పారిపోయాడు కాబట్టి ప్రాణంతో ఉన్నాడు. బండికి ఇన్సూరెన్స్ పూర్తిగా కట్టనిది నువ్వు. ఆ తేడా ముప్పై వేలు అతని కష్టంలోంచి తీసుకున్నావు.

కొత్త రైతు 26
అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను వచ్చే వారం ట్రాక్టరు తీసుకుంటున్నాను. సిలిండర్ కొనమంటారా, వద్దంటారా? ఎక్కడ బిగించాలి?

పానా పట్టినోణ్ణి
కొను. ఎక్కే వైపు మడ్‌గార్డ్‌కి, ఫుట్‌బోర్డ్ మీద నిలబడే చేతికి అందేలా బిగించు. ఇంజిన్ దగ్గర వద్దు. మంట అక్కడే ఉంటే చెయ్యి ఎలా పెడతావు? టూల్ బాక్సులో పెట్టి తాళం వెయ్యొద్దు. ఇనుప పట్టీ ఉన్న స్టాండ్ తీసుకో, లేకపోతే దుక్కిలో కుదుపులకు ఊడి పడుతుంది.

పాత ఖాకీ
నెలకోసారి తీసి తలకిందులుగా పట్టుకుని బాగా కుదపాలి. ట్రాక్టరు అదురుకు పౌడర్ అడుగున గడ్డకట్టి, నొక్కితే గ్యాస్ మాత్రమే వస్తుంది. ముల్లు పచ్చలో ఉందో లేదో చూడు. ఒక్కసారి కొద్దిగా వాడినా మళ్ళీ నింపించాల్సిందే, సీలు దగ్గర పౌడర్ ఇరుక్కుని గ్యాస్ కారిపోతుంది. మంట ఆరాక ఇంజిన్ మీద పడ్డ పౌడర్ తుడిపించు, తేమ తగిలితే ఇనుమును తింటుంది. మంట నీ నడుం కంటే ఎత్తుకు లేచిందంటే వదిలేసి దూరం వెళ్ళి 101కి ఫోన్ చెయ్యి.

పదేళ్ళ స్టీరింగ్
డ్రైవర్‌ని పెట్టుకుంటే ఆ ఆఖరి మాట అతనికి నీ నోటితో చెప్పు తమ్ముడూ. బండి పోయినా ఫరవాలేదు, నువ్వు దూరం వెళ్ళు అని. నలుగురి ముందు చెప్పు. పాత సిలిండర్ ఒకటి తెచ్చి అతని చేతే పిన్ను లాగించు.

తూర్పు డెల్టా
తప్పనిసరి రూలు మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. మా డ్రైవర్లిద్దరితో స్ప్రేయర్ సంగతి రేపు మాట్లాడతాను.

మూసీ ఆయకట్టు
రాత్రంతా నిద్ర పట్టలేదు. అతనికి ఇద్దరు పిల్లలు. పొద్దున ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ సాయంత్రం చేస్తాను.

పదేళ్ళ స్టీరింగ్
ఫోన్ వద్దన్నా. ఇంటికి వెళ్ళు.