హింబా పశుపాలకులు సమాధుల కోసమే ఎపుపా ఆనకట్టను ఎదిరించారా?

విద్యార్థిని, తార్నాక:
నమీబియా, అంగోలాల సరిహద్దుగా పారే కునేనే నదిపై, ఎపుపా జలపాతం వద్ద 1990లలో తలపెట్టిన జలవిద్యుత్ ఆనకట్టను హింబాలు ఎందుకు వ్యతిరేకించారన్న అంశంపై సెమినార్ పత్రం రాస్తున్నాను. పూర్వీకుల సమాధులు మునిగిపోవడమే వారి ముఖ్య అభ్యంతరమని చదివాను. వాటిని వేరేచోటికి తరలిస్తే సరిపోయేది కదా అని తరగతిలో ఒకరు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత సర్వేయరు, మల్కాజిగిరి:
అమ్మా, అక్కడ సమాధి ఒక విధంగా పట్టా వంటిది. మేత గురించి, నీటి గురించి తగవు వచ్చినప్పుడు, ఎవరి పెద్దలను ఆ నేలలో ముందుగా పూడ్చారో వారి మాటకు బరువు ఎక్కువ. ఇంటిముందు ఆరకుండా కాపాడుకునే 'ఒకురువో' అనే పవిత్రాగ్ని దగ్గర కూర్చుని కుటుంబ పెద్ద ఆ పూర్వీకులతోనే మాట్లాడతాడు. ఎముకలను తరలించవచ్చు గాని, అవి ఆ నేలపై ఇచ్చిన హక్కు కొత్తచోటికి రాదు. పహాణీలో పేరు లేదన్న ఒక్క కారణంతో తరతరాల సాగుదారులు పరిహారం లేకుండా వెనుదిరగడాన్ని ఉద్యోగంలో చూసినవాణ్ణి కనుక, హింబాల భయం నాకు అర్థమవుతుంది.

కొల్లాపూర్ వాసి, ప్రస్తుతం ఎల్బీనగర్:
సర్వేయరు గారు చెప్పినదానికి మేత సంగతి కూడా చేర్చాలి. మాది గొర్రెల కాపరుల కుటుంబం. మా తాతగారి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. ఇంటికీ చేనుకూ లెక్క కట్టారు గాని, ఎండాకాలంలో మందను బతికించిన కృష్ణ ఒడ్డు ఎవరి పేరునా లేదు కనుక దానికి పైసా రాలేదు. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరాలయం బయటపడినప్పుడల్లా మా నాన్న ఆ ఒడ్డునే తలచుకుంటారు. కునేనే తీరమూ అటువంటిదే. చుట్టూ ఎండిపోయిన నేలలో ఏడాది పొడవునా పారే నది అది. కరవులో పశువులకు ఒడ్డున రాలే చెట్ల కాయలు, మనుషులకు తాటిజాతికి చెందిన మకలాని కాయలు ఆధారం. 1980ల తొలినాళ్ల కరవులో మందల్లో అత్యధిక భాగాన్ని పోగొట్టుకున్నవారికి ఆ తీరం విలువ వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థిని, తార్నాక:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ప్రాజెక్టు చివరికి ఏమైంది?

విశ్రాంత సర్వేయరు, మల్కాజిగిరి:
హింబా పెద్ద హికుమినువే కపికా 1997లో యూరప్ వెళ్లి తమ గోడు వినిపించారు. ఆ ప్రతిఘటనకు తోడు, అంగోలా ప్రభుత్వం అదే నదిపై ఎపుపాకు దిగువనున్న బేన్స్ స్థలం వైపు మొగ్గడంతో ఎపుపా ఆనకట్ట కట్టలేదు. తరువాత బేన్స్ ప్రతిపాదన ముందుకు రాగా, 2012లో హింబాలు దానిపైనా నిరసన తెలిపారు. నమీబియాకు విద్యుత్తు అవసరమే, దాన్ని నేను కాదనను. కాని పత్రంలో 'సమాధుల తరలింపు' అని రాసేచోట, దయచేసి 'హక్కు' అన్న మాట కూడా చేర్చండి.