అప్‌డేట్: 'హెవీ విండ్స్' తీసేశాను

తుపాను జాగ్రత్తలపై మైపాడు బీచ్‌లో పెట్టే ఇంగ్లీషు బోర్డులో 'హెవీ రెయిన్స్ అండ్ హెవీ విండ్స్' అని రాయొచ్చా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు 'హెవీ రెయిన్ అండ్ స్ట్రాంగ్ విండ్స్' అని మార్చాను.

తప్పు ఎక్కడొస్తుందంటే, మనకు వానకీ గాలికీ మెజారిటీకీ ధరకీ అన్నిటికీ 'భారీ' ఒక్కటే మాట. ఇంగ్లీషులో హెవీ అంటే ముందు బరువు, తర్వాత మోతాదు. అందుకే వానకి, ట్రాఫిక్‌కి, రక్తస్రావానికి సరిపోతుంది. గాలికి స్ట్రాంగ్, జ్వరానికి హై, మెజారిటీకి హ్యూజ్. ధర దగ్గర మరీ జాగ్రత్త: 'పెయిడ్ ఎ హెవీ ప్రైస్' అంటే ఎక్కువ డబ్బిచ్చి కొన్నామని కాదు, పెద్ద నష్టం అనుభవించామని. రేటు ఎక్కువైతే 'హై ప్రైస్'.

క్రియ పక్కన హెవీ కాదు, హెవిలీ: 'ఇట్ రెయిన్డ్ హెవిలీ ఇన్ నెల్లూరు'.

ఇంకొకటి, వాతావరణ శాఖ వాడుకలో హెవీకి లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. పడితేనే హెవీ, 204.4 వరకు వెరీ హెవీ, ఆపైన ఎక్‌స్ట్రీమ్లీ హెవీ. కాబట్టి బోర్డు మీద 'వెరీ' ఊరికే తగిలించకూడదు, ఆ రోజు బులెటిన్‌లో ఉంటేనే రాయాలి.